నేరమంతా వరిదే

దోషి దొరికింది. ఇంతకాలం మనం వెతకరాని చోట్ల వెతికాం. సాగర్ కుడి కాలువ చివరి తూముకు నీళ్లు రాకపోతే వానదేవుణ్ని తిట్టాం, ఎగువ రాష్ట్రాన్ని తిట్టాం, పక్క రాష్ట్రాన్ని తిట్టాం, కాలువ మొదట్లో మోటార్లు పెట్టి తోడుకునేవాళ్లను తిట్టాం, ఎవరూ దొరక్కపోతే కాలువ లస్కరును తిట్టాం. వాళ్లంతా నిర్దోషులని ఇప్పుడు తేలింది. తప్పంతా వరి మొక్కది. నీళ్లు లేకుండా బతకడం దానికి చేతకాదు. ఓర్పు లేదు, పట్టుదల లేదు. పొట్ట మీద ఉన్నప్పుడు పది రోజులు తడి అందకపోతే కంకి నిండా తాలు పెట్టి చేతులెత్తేస్తుంది. కాబట్టి దాని బుద్ధి మార్చాలని పెద్దలు తీర్మానించారు. బుద్ధి ఉండేది జన్యువుల్లో గనక కత్తెర అక్కడే పెడతారట.

ఈ తీర్పు విని పల్నాడులోని పిడుగురాళ్ల జనం హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు, సున్నపు బట్టీల పొగ అడ్డం రాకపోతే.

అసలు మనకు వరి పిచ్చి ఎలా పట్టిందో ముందు చెప్పుకోవాలి. ఆరొందల ఏళ్ల కిందట శ్రీనాథుడు ఈ పల్నాటి సీమకు వచ్చి, జొన్నకూడు మింగుడుపడక, చాటు పద్యాల్లో మనల్ని ఏకిపారేసి వెళ్లాడు. పల్నాటివాడు కోడిపందెంలో ఓడితే ఏడేళ్లు అడవుల్లో ఉండి వస్తాడు, కారంపూడిలో కత్తి దూస్తాడు, చస్తాడు. అంతవరకు ఓర్చుకుంటాడు. తన కంచంలో సన్నబియ్యం లేదని ఒక కవి నవ్విపోతే మాత్రం ఓర్చుకోలేడు. ఆ నవ్వుకు జవాబుగా కృష్ణ మీద నాగార్జునసాగర్ లేచింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువకు జవహర్ కాలువ అని పేరు పెట్టి, 132 టీఎంసీలు కేటాయించారు.

అప్పటి ఇంజనీర్లు అమాయకులు. కృష్ణలో ఉన్న నీళ్లకు, మన ఆశకు పొత్తు కుదరదని ముందే లెక్కగట్టి, ఆయకట్టును రెండు రకాలుగా గీశారు. ఇంత భూమి మాగాణి, ఇంత భూమి ఆరుతడి. ఆరుతడి అంటే పత్తి, మిరప, జొన్న, కంది వేసుకుని అప్పుడప్పుడు ఒక తడి పెట్టుకోమని. ఆ గీత రెవెన్యూ కాగితాల్లో ఇవాళ్టికీ చెక్కుచెదరకుండా ఉంది. పొలంలో మాత్రం ట్రాక్టర్ దమ్ము చక్రాలు దాన్ని ఎప్పుడో తొక్కేశాయి. పోనీ రైతును తిడదామా? పత్తికి గులాబీ పురుగు, మిరపకు యార్డులో ధర. పెట్టుబడి పెట్టి ఏడాదంతా కాపలా కాసి చివరికి గుంటూరు యార్డు మెట్ల మీద కూర్చునే కన్నా, వరి వేస్తే తినడానికి గింజలు, గేదెకు గడ్డి, ఆపైన కొనే సర్కారు. ఇంత లెక్క తెలిసినవాణ్ని మూర్ఖుడనడానికి నోరు రాదు. అందుకే ఆ మాట కూడా మొక్కనే అందాం.

నిందితుల్లో మొదటిది మన ఇంటి పిల్లే. బీపీటీ 5204, అదే సాంబ మసూరి. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి బయటికొచ్చింది. అప్పటికి బాపట్ల గుంటూరు జిల్లాలోదే. వంశవృక్షం గొప్పది: కోయంబత్తూరు నుంచి జీఈబీ 24, తైవాన్ నుంచి పొట్టి రకం టీఎన్ 1, మలేసియా నుంచి మసూరి. అన్నం వండితే మల్లెమొగ్గలా విడిగా ఉంటుంది. డల్లాస్‌లో తెలుగువాడి కొట్లో సంచి మీద బొమ్మ ఏదైనా ఉండనీ, సన్నబియ్యమంటే ఎలా ఉండాలో మన నాలుకకు నేర్పింది ఇదే. ఒకటే చిక్కు. పొలంలో ఐదు నెలలు కూర్చుంటుంది, కూర్చున్నంతకాలం నీళ్లు అడుగుతుంది. ఎండాకు తెగులు దీని బలహీనత అని తెలిసి, హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలకాలయం కలిసి మూడు తెగులు నిరోధక జన్యువులు ఎక్కించి 2008లో మెరుగైన సాంబ మసూరిని ఇచ్చాయి. తెగులుకు మందు దొరికింది. దాహానికి దొరకలేదు.

వరికి పుట్టుకతోనే ఓర్పు లేదా? ఇక్కడే నేరపత్రం కాస్త తడబడుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని నాగినా అనే ఊరి పేరు మీద నాగినా 22 అని ఒక పాత వరి ఉంది. ఎండకూ, కరవుకూ గట్టిగా నిలబడుతుంది. దాన్ని మన స్వర్ణతో, ఐఆర్ 64తో, మన ఎంటీయూ 1010తో సంకరం చేసి చూస్తే, ఈనిక వేళ నీళ్లు ఆగినా గింజ దిగుబడి నిలబెట్టే జన్యుభాగం ఒకటి ఒకటో క్రోమోజోమ్ మీద దొరికింది. క్యూడీటీవై 1.1 అని దానికి పేరు. 2011లో ఈ సంగతి అచ్చయింది. ఆ తర్వాత ఇంకో సంగతి బయటపడింది, అది మరీ ఇబ్బందికరమైనది. ఆ భాగానికి సరిగ్గా పక్కనే ఉంటుంది మొక్క ఎత్తును నిర్ణయించే జన్యువు. రెండూ ఉమ్మడి గోడ ఉన్న ఇళ్లు. 1960లలో ప్రపంచమంతా పొట్టి వరి కావాలంది. ఎరువు వేస్తే పడిపోని మొక్క కావాలి, ఐఆర్ 8 లాంటిది. పొడుగు ఇంటివాణ్ని ఖాళీ చేయించారు. గోడ ఒకటే గనక పక్కింటి ఓర్పుగలవాడు కూడా సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. అతను పోయాడని 2015 వరకు ఎవరూ సరిగా గమనించలేదు. యాభై ఏళ్లు ఎరువుకు నవ్వే మొక్కను ఏరుకున్నది మనం. కాలువ నిండుగా ఉన్న మడుల్లో దాన్ని పరీక్షించి, ఎక్కువ తాగి ఎక్కువ ఇచ్చినదానికి బహుమతి ఇచ్చింది మనం. నీకు దాహం ఎక్కువని ఇప్పుడు దాన్నే బోనులో నిలబెట్టాం.

సరే, ఓర్పు ఎక్కడుందో తెలిసింది గదా, తెచ్చి అతికిస్తే పోలా? అలా అనుకున్నవాళ్లను వరి కాస్త ఆటపట్టించింది. ఇండొనేసియా రకం వే రారెమ్‌ను, జార్ఖండ్ మెట్టభూముల కోసం వచ్చిన వందనతో కలిపితే, 2007లో పన్నెండో క్రోమోజోమ్ మీద మరో భాగం దొరికింది. కరవులో దిగుబడి బాగా పెంచింది. తీరా చూస్తే ఆ మేలు వచ్చింది కరవుకు నిలబడే వందన నుంచి కాదు, నిలబడలేని వే రారెమ్ నుంచి! తన దగ్గర ఉన్నప్పుడు తనకే అక్కరకు రాని గుణం, వందన ఇంట్లో మిగతా జన్యువుల తోడు దొరికాక పనిచేసింది. అంటే కరవుకు తట్టుకోవడం ఒక్క జన్యువు చేసే పని కాదు, చాలామంది కూడి చేసే పని. ఒకరు వేరు చూసుకోవాలి, ఒకరు ఆకు రంధ్రాలు మూయాలి, ఒకరు కంకిని సకాలంలో బయటికి తోయాలి. ఎవరి తోడు లేకుండా ఒక్కడే అన్నీ చేస్తాడని నమ్మే అలవాటు మన రాజకీయాలకు ఉంది, వరికి లేదు.

ఇంకో జన్యువు కథ చెబుతాను, ఇది పిడుగురాళ్లకు నేరుగా తగిలేది. 2013లో జపాన్ శాస్త్రవేత్తలు డీఆర్‌ఓ 1 అనే జన్యువును పట్టుకున్నారు. ఫిలిప్పీన్స్ మెట్ట వరి కినందాంగ్ పతోంగ్‌లో అది సరిగా ఉంది. ఐఆర్ 64లో ఒకే ఒక్క అక్షరం రాలిపోయింది. ఆ ఒక్క అక్షరంతో వేరు తన కోణం మరచిపోయి, కిందికి దిగాల్సింది పక్కకు పాకుతోంది. సరైన జన్యువు పెడితే వేరు లోతుకు పోయి అడుగునున్న తేమను తాగుతుంది. శాస్త్రంగా ముచ్చటైన పని. మన దగ్గరికి తెచ్చి చూద్దాం. ఏటా దమ్ము చేసి చేసి అడుగు మట్టి గట్టిపడిపోయి ఉంటుంది, ముందు ఆ పెంకు పగలగొట్టాలి. దాన్నీ దాటి ఇంకా దిగితే ఈ ప్రాంతంలో తగిలేది సున్నపురాయి. తేమ కోసం పోయిన వేరు బట్టీవాడికి ఎదురొస్తుంది. లోతైన మట్టి, అడుగున నీరు ఉన్నచోట ఆ జన్యువు బంగారం. మన రాతి పొరల మీద దానికి పని చెప్పాలంటే వేరుకు జన్యువు చాలదు, గడ్డపార కూడా ఇవ్వాలి.

ఇవన్నీ తెలిసి కూడా దిల్లీ ఊరికే కూర్చోలేదు. 2025 మే 4న వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. దేశంలో ఇవే మొదటివి. రెండింటికీ మూలం మన వరే. హైదరాబాదు వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిని సవరించి డీఆర్‌ఆర్ ధాన్ 100 చేసింది, ముద్దుపేరు కమల. దిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థ మారుటేరు బిడ్డ ఎంటీయూ 1010ని, మనం కాటన్‌దొర సన్నాలు అనేదాన్ని, సవరించి పూసా డీఎస్‌టీ రైస్ 1 చేసింది. బయటి జన్యువేదీ పెట్టలేదు, ఉన్న అక్షరాలనే దిద్దారు. కమల దాదాపు 20 రోజులు ముందే కోతకు వస్తుందన్నారు. కాలువ కట్టేసే నాటికి ఇంటికి చేరిపోయే మొక్క తెలివైనదే, ఒప్పుకోవాలి.

రెండోదాని కథలో ఒక నీతి ఉంది. డీఎస్‌టీ అనే జన్యువును 2009లో చైనా శాస్త్రవేత్తలు వెలికితీశారు. కరవును, ఉప్పును ఓర్చుకునే జన్యువని దానికి పేరు. చేసే పని దానికి పూర్తిగా తలకిందులు. అది బలంగా ఉంటే ఆకు రంధ్రాలు బార్లా తెరిచి నీళ్లు ఒలకబోస్తుంది. దాన్ని పాడుచేస్తేనే రంధ్రాలు తగ్గి, మూసుకుని, మొక్క కరవుకు నిలబడుతుంది. పేరులో కరవు నివారణ పెట్టుకుని కరవును తెచ్చేది, అడ్డు తొలగిస్తేనే మేలు జరిగేది. ఇలాంటిది వరి మొక్కలో ఒకటి దొరికింది. మనకున్న శాఖలు, మండళ్లు, ప్రాధికార సంస్థలు లెక్కపెట్టబోతే వేళ్లు చాలవు. కత్తెర తెచ్చినవాళ్లు పొలంలోనే ఆగిపోయారేమో తెలియదు.

ఆ ప్రకటనలో నాకు నచ్చింది లెక్క. ఈ రకాలు విస్తరిస్తే 7,500 మిలియన్ క్యూబిక్ మీటర్ల సాగునీరు ఆదా అన్నారు. మన భాషలోకి మారిస్తే సుమారు 265 టీఎంసీలు. కుడి కాలువ కేటాయింపు 132, ఎడమ కాలువదీ 132. అంటే సాగర్ కాలువలు రెండూ కలిపితే ఎంతో, అంత నీరు ఒక్క పూటలో ఒక హాల్లో మిగిలిపోయింది. ఒక్క గేటు ఎత్తలేదు, ఒక్క తూము దింపలేదు. ఆ నీరు ఏ రిజర్వాయరులో పోశారో చెబితే చివరి ఆయకట్టువాళ్లు బిందెలతో వెళ్తారు. తర్వాత కొందరు పరీక్షల లెక్కలు కుదరలేదని ఆరోపించారు, వ్యవసాయ పరిశోధన మండలి ఐసీఏఆర్ అదంతా అబద్ధమంది. కోసిన కత్తెర మీద విదేశీ పేటెంట్లు ఉన్నాయన్న సంగతి మాత్రం ఎవరూ కాదనలేదు. మన బాపట్ల పిల్లకు, మన మారుటేరు బిడ్డకు జడ దిద్దిన దువ్వెనకు అద్దె ఎవరు కడతారన్నది పెళ్లి ముహూర్తం నాటికి తేలాలి.

కత్తెర రాకముందే మనకు కరవు వరి ఉందని చెబితే నమ్మరు. హజారీబాగ్ కేంద్రం, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి సంస్థ కలిసి తెచ్చిన సహభాగి ధాన్ వచ్చి పదిహేనేళ్లు దాటింది. ఆదయ్ సెలెక్షన్ అనే రకం నుంచి రెండు జన్యుభాగాలు ఐఆర్ 64లోకి తెచ్చిన డీఆర్‌ఆర్ ధాన్ 42 విడుదలై కూడా పదేళ్లు దాటింది. అదీ మామూలు సంకరంతోనే, గుర్తులు చూసుకుంటూ. పేటెంటు గొడవ లేదు, వివాదం లేదు. పిడుగురాళ్ల విత్తనాల కొట్లో అడిగి చూడండి. కొట్టువాడు మీ మొహం వంక జాలిగా చూసి, బీపీటీ ఎన్ని బస్తాలు కావాలంటాడు. అతని తప్పేమీ లేదు. మిల్లరు అడగనిది రైతు వేయడు, రైతు అడగనిది అతను తేడు.

మిల్లరు ఎందుకు అడగడు? ఇక్కడికొచ్చేసరికి నిందితుల వరస మారిపోతుంది. 2025-26కు కేంద్రం మద్దతు ధర సాధారణ ధాన్యానికి క్వింటాలుకు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389. ఇరవై రూపాయల ఆ తేడా గింజ ఆకారానికి. పక్కన తెలంగాణ సన్న వడ్లకైతే క్వింటాలుకు 500 బోనస్ ఇస్తోంది. ఆ వడ్లనే ఆడించి పేదవాడి రేషన్‌లో సన్నబియ్యం పోయడం మంచిదే, శ్రీనాథుడి నోరు అక్కడైనా మూతపడుతుంది. ఒకటే సందేహం. నడుము సన్నగా ఉన్నందుకు 500 ఇచ్చే ప్రభుత్వాలు, నీళ్లు తక్కువ తాగినందుకు ఎంత ఇస్తున్నాయి? సున్న. తొమ్మిది గంటల ఉచిత కరెంటుతో బోరు తోడి బతికించిన గింజకూ, వాన చినుకుతో నెట్టుకొచ్చిన గింజకూ ధర ఒకటే. మొక్కకు ఓర్పు నేర్పడానికి కోట్లు పోస్తాం, ఓర్చుకున్న గింజను కాటా మీద పెట్టి ఒక్క పైసా ఎక్కువ ఇవ్వం.

ఆ ఓర్పు విలువెంతో కూడా చూద్దాం. గట్టి కరవు పట్టిన ఏడాది ఈ జన్యుభాగాలున్న రకాలు, లేనివాటి కన్నా హెక్టారుకు అర టన్ను నుంచి టన్ను దాకా ఎక్కువిచ్చాయి. మన లెక్కలో ఎకరాకు మూడు నుంచి ఐదు బస్తాలు. కరవు ఏడాదిలో అది చిన్న సంగతి కాదు, ఒక ఇంటి తిండి గింజలు. ఐతే ఆ పొలం కౌలుదారుది. కౌలు బస్తాలు నారు పోయకముందే మాట్లాడుకుని ఉంటారు. జన్యువు శ్రమపడి నిలబెట్టిన ఐదు బస్తాలు ఆసామి ఇంటికి నడిచిపోతాయి. కరవును మొక్క ఓర్చుకుంది, దాని ఫలితం పట్టా ఉన్నవాడు అనుభవించాడు. ఏ క్రోమోజోమ్ మీద కత్తెర పెడితే ఇది మారుతుందో హైదరాబాదు వరి పరిశోధకులు చెప్పలేరు, అది వారి శాఖ కాదు.

పోనీ, ఓర్చుకోవాల్సింది కరవొక్కటేనా? 2023 చివరి వారాలు గుర్తు చేసుకోండి. నవంబరు 30న, తెలంగాణలో పోలింగు రోజు, తెల్లవారేసరికి ఆంధ్ర పోలీసులు సాగర్ డ్యామ్ మీద ఉన్నారు. 26 గేట్లలో 13 మావని ముళ్లకంచె వేసి కుడి కాలువకు నీళ్లు వదిలారు. రెండు రాష్ట్రాల ఖాకీలు ఒకరినొకరు తోసుకున్నారు, చివరికి కేంద్ర బలగాలు వచ్చి కాపలా నిలబడ్డాయి. సరిగ్గా ఐదు రోజులకు, డిసెంబరు 5న, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకుంది. నీళ్లు రాలేదని డ్యామ్ మీద కొట్టుకున్న వారంలోనే, నీళ్లు ఎక్కువయ్యాయని నష్టపరిహారానికి దరఖాస్తులు. ఇప్పుడు వరికి ఏ జన్యువు పెట్టాలి? మునకను తట్టుకునే జన్యువు ఒడిశా పాత రకం నుంచి తెచ్చి 2009లోనే స్వర్ణలో పెట్టారు. అది పచ్చి పైరు మునిగినప్పటి సంగతి. కోత మీద పడిపోయిన కంకిని అది లేపలేదు. పరిశోధన క్షేత్రంలో కరవు టైంటేబుల్ ప్రకారం వస్తుంది, ఫలానా రోజు నీళ్లు కడతారు, ఫలానా రోజు కొలుస్తారు. పల్నాడులో ఒకే పైరు ఒకే పంటకాలంలో రెండూ చూస్తుంది, మధ్యలో కలుపు కూలీ రేటు కూడా చూస్తుంది.

ఇక అసలు రహస్యం. లోతుకు పోయే వేరు, నీరు ఆగితే ఆకు ముడిచి ఓపిక పట్టే గుణం, మళ్లీ చినుకు పడగానే లేచి నిలబడే తత్వం, వీటన్నిటినీ వరిలోకి తేవాలని ప్రపంచమంతా తలలు పట్టుకుంటోంది. ఆ లక్షణాలన్నీ ఉన్న పైరు ఒకటి మన చేలల్లోనే ఉండేది. పేరు జొన్న. కవిగారు ఎగతాళి చేశారని దాన్ని గట్టు దాటించాం. ఇప్పుడు వరి చేత జొన్న వేషం కట్టించడానికి ప్రయోగశాలలు కడుతున్నాం, వేషం వేసినా వరిలాగే ఉండాలి, సన్నగా ఉండాలి, మల్లెమొగ్గలా ఉడకాలి. ఇటు ఊళ్లో సన్నన్నం తిని షుగరు తెచ్చుకున్నవాడికి డాక్టరు జొన్నరొట్టె రాసిస్తున్నాడు. శ్రీనాథుడు మెచ్చని కూడు మందుల చీటీ మీద మళ్లీ పల్నాడుకు వచ్చింది, ధర మాత్రం సన్నబియ్యాన్ని దాటింది.

జన్యు శాస్త్రవేత్తలతో నాకు పేచీ లేదు. అంతర్జాతీయ వరి సంస్థ 1,30,000కు పైగా వరి నమూనాలను దాచింది, 3,010 రకాల జన్యువులను అక్షరం అక్షరం చదివి తేల్చిన సంగతులు 2018లో అచ్చయ్యాయి. వాళ్లు చేయాల్సింది చేస్తున్నారు. వాళ్ల భుజం మీద తుపాకీ పెట్టి కాల్చేవాళ్లతోనే పేచీ. కాలువ చివరిదాకా నీళ్లు పారించడం కష్టం, ఓట్లు పోతాయి. ఆరుతడి గీతను గౌరవించడం కష్టం, మొదటి ఆయకట్టువాళ్లు కోపగించుకుంటారు. జొన్నకూ, కందికీ వరి కొన్నట్టు కొనడం కష్టం, గోదాములు కావాలి. వీటన్నిటి కన్నా వరి మొక్కను ఓర్చుకోమనడం సులువు. దానికి ఓటు లేదు, ధర్నా చేయదు, డ్యామ్ మీద ముళ్లకంచె వేయదు.

అందుకని పెద్దలకు ఒక విన్నపం. వచ్చే కరవు వరిని దిల్లీ హాల్లో ప్రకటించకండి. కుడి కాలువ చివరి తూము కింద, నీళ్లు రాని ఏడాది, కౌలు పొలంలో నాటి చూపించండి. దానికి ముందు ఇంకో చిన్న పని చేయండి. మద్దతు ధరల పట్టికలో ఏ గ్రేడు ధర పక్కన మరో గడి గీసి, తక్కువ నీళ్లతో పండిన క్వింటాలుకు ఎంత ఎక్కువిస్తారో అంకె వేయండి. ఆ అంకె పడిన ఏడాది పిడుగురాళ్ల విత్తనాల కొట్టుముందు ఏ రకానికి వరస కడతారో చూడండి. దానికి పేటెంటు అక్కర్లేదు, ప్రయోగశాల అక్కర్లేదు, ఒక సంతకం చాలు. ఆ సంతకం పెట్టే ధైర్యం ఏ క్రోమోజోమ్ మీద ఉంటుందో మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.